నీళ్లు పోసే ముందు

మా పెద్దమ్మ పోయిన కబురు వదిన ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే అమీన్‌పూర్‌లో నా బ్లౌజుల దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. "అత్తమ్మ పోయింది" అని ఒక్క మాట అని ఆగింది. ఏడుపు వినపడుతుందేమోనని చూశాను, వినపడలేదు. "బాత్రూం కాడ పడిపోయి ఉన్నది. ఎంత లేపినా లేస్తలేదు. నుదుటికి దెబ్బ తాకింది. మీ అన్న నీళ్లు కాగవెట్టుమంటున్నడు. నువ్వు వచ్చేదాంక నేను పొయ్యనియ్య. జల్దీ రా" అని పెట్టేసింది.

చావు కబురులో ఈ నీళ్ల మాట ఏమిటని మీకు అనిపించవచ్చు. మా వైపు ఇంట్లో మనిషి పోగానే ముందు చేసే పని పొయ్యి మీద నీళ్లు పెట్టడం. ఒంటి మీది బట్టలు తీసేసి, పసుపు రాసి, తలారా స్నానం చేయించి, కొత్త బట్ట కప్పుతారు. చుట్టాలు వచ్చేసరికి మనిషి నిద్రపోతున్నట్టు ఉండాలి. పోయిన మనిషికి చివరిసారిగా చేసే మర్యాద అది. మా పెద్దమ్మ సగం జీవితం ఆ నీళ్లకు అడ్డం పడి తిట్లు తిన్నది. ఆఖరికి ఆ నీళ్లు ఆమె కోసమే కాగుతున్నాయి.

ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఆమెది కోపం మనిషి. రోడ్డు మీద నడిచిందంటే ఎదురొచ్చేవాళ్లే తప్పుకోవాలి. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేది, ఎవరైనా నవ్వితే "నీ నోరు కాలదా, నా నోరే కాల్తదా?" అనేది. నేను బడికి వెళ్లే రోజుల్లో మా ఊరికి బస్సు లేక పటేల్‌గూడలో వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. నాకు జడలు వేసింది, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది, కుట్టు నేర్చుకుంటానంటే తన మిషన్ నాకిచ్చేసింది. మా అమ్మ కన్నది, ఆమె పెంచింది. ఈ మాట అమ్మ ముందు కూడా అనేదాన్ని, అమ్మ ఏమీ అనుకునేది కాదు.

ఆమెకొక అలవాటు ఉండేది. ఏ బట్టనైనా నీళ్లలో వేసే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. నా స్కూలు గౌను వాసన చూసి, "పుల్ల ఐస్ తిన్నవ్ గదనే దొంగమొగమా" అని పట్టేసేది. ఆమె కొడుకు, మా అన్న, పెద్దవాడై ఫ్యాక్టరీలో చేరాక, సాయంత్రం అతని యూనిఫాం విప్పగానే అందుకునేది. కాలర్, చంకలు, జేబులు, ప్యాంటు అంచులు అన్నీ చూశాకే బకెట్లో వేసేది. కొత్తగా కాపురానికి వచ్చిన వదినకు ఇది చూసి ఒళ్లు జలదరించింది. "నా మొగుని బట్టలు నేను పిండుకోవద్దా?" అని నా దగ్గర మొత్తుకున్నది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలియదు. తెలిశాక కూడా పోట్లాట ఆగలేదనుకోండి.

అది పెదనాన్న చావు నుంచి వచ్చింది. ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు. పొలం ప్లాట్లయ్యాక ఊళ్లో చాలామంది అలాగే చేరారు. ఒకరోజు పొద్దున డ్యూటీ దిగి వచ్చి, కండ్లు మండుతున్నాయి, తల తిరుగుతున్నది, జెర సేపు పంటానని మంచం మీద వాలాడు. పెద్దమ్మ చాయ్ పెట్టి తెచ్చేసరికి పోయాడు.

వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు, నీళ్లు కాగాయి. పసుపు రాసి, వేడినీళ్లతో రుద్ది రుద్ది స్నానం పోశారు. వచ్చేపోయేవాళ్లు చూస్తారని, ఇల్లు శుభ్రంగా ఉండాలని, ఆయన ఒంటి మీంచి విప్పిన బట్టలు పెద్దమ్మే తన చేతులతో సర్ఫ్ నీళ్లలో నానబెట్టింది. ఘాటు వాసన గుప్పున కొట్టింది, ముక్కు మండింది, నీళ్ల రంగు మారింది. ఏడుస్తూనే పిండి ఆరేసింది. పొద్దు వాలేలోపే దహనం అయిపోయింది. అంతకుముందే ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి పెద్ద పూలదండ వేసి, "తాగుడు అలవాటు ఉండె గదా, గుండె ఆగి ఉంటది" అన్నారు. పెదనాన్న కల్లు కూడా ముట్టడు.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. దినాలయ్యాక పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడిగింది. అక్కడాయన మర్యాదగానే కూర్చోబెట్టి, "శవం లేదు, బట్టలు లేవు, పోస్టుమార్టం లేదు. మేం ఏం పట్టుకుని అడగాలమ్మా?" అన్నాడట. ఆమె ఇంటికొచ్చి మురుగునీళ్లు పోయే మోరీ దగ్గర చతికిలబడింది. "జవాబంత అండ్లనే ఉండె బిడ్డా. నా చేతులతోనే మోరీల పారవోసిన" అన్నది నాతో. తర్వాత ఎన్ని ఏళ్లు గడిచినా, ఆయన మాట వస్తే చచ్చిపోయాడని అనేది కాదు. "ఏమయ్యి పోయిండో తెల్వదు" అనేది. ఆయన చావు గురించి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరైనా ఉన్నట్టుండి పోయారని తెలిస్తే చాలు, కొంగు బిగించి బయల్దేరేది. ఏడుస్తున్న ఇంట్లోకి వెళ్లి, "ఆగుండ్రి, నీళ్లు పొయ్యకుండ్రి" అనేది. కొందరు విన్నారు, కొందరు గుమ్మంలోంచే తరిమారు. "నువ్వొస్తే శవాన్ని కోయిస్తవ్, నడువ్ ఇక్కడికెళ్లి" అని ఒకావిడ చీపురు ఎత్తిందట. పెద్దమ్మ అది చెప్పి నవ్వేది, కానీ ఆ రోజు బువ్వ సరిగ్గా తినేది కాదు.

కిరాయి గదుల్లో ఉండే ఒడిశా పిల్లవాడొకడు డ్యూటీ నుంచి వచ్చి నిద్రలోనే పోతే, వాడి దోస్తులు అప్పటికే బకెట్లు నింపేశారు. ఈమె గుమ్మంలో నిలబడి, "పానీ నక్కో డాలో బేటా! పహలే పోలీస్, బాద్ మే పానీ!" అని, ముందు పోలీసులు ఆ తర్వాతే నీళ్లని, తనకొచ్చిన హిందీ మొత్తం అక్కడ ఖర్చు పెట్టింది. వాళ్లు బిత్తరపోయి ఆగారు. సర్కారు దవాఖాన చావుగది బయట, వేపచెట్టు కింద వాళ్లతోపాటు కూర్చుని, భాష రాకపోయినా వీపులు నిమిరింది. వాడు ఎలా పోయాడో వాళ్ల అమ్మానాన్నలకు చెప్పడానికి ఒక మాట దొరికింది. అంతకంటే ఆమె ఏమీ ఆశించలేదు.

ఆమె చెప్పింది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. జబ్బుతో ఉండి, చూస్తున్న డాక్టరుకు తెలిసి పోయిన మనిషికి ఆ డాక్టరే కాగితం రాస్తాడు, పోస్టుమార్టం అక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి పోతే, పనిలో పోతే, పడిపోయి పోతే, ఒంటి మీద దెబ్బ కనిపిస్తే, మీ మనసులో ఏ మూలనైనా అనుమానం ఉంటే, ముందు పోలీసులకు చెప్పాలి. అప్పటిదాకా మనిషిని కడగకూడదు, బట్టలు మార్చకూడదు, కక్కుకున్నది తుడవకూడదు, తాగిన గ్లాసు తోమకూడదు. పోలీసులు వచ్చి, పెద్దమనుషుల ముందు పంచనామా రాసి, శవాన్ని సర్కారు దవాఖానకు పంపుతారు. మీరు ఏం చూశారో, మీ అనుమానం ఏమిటో అప్పుడే చెప్పి రాయించాలి. కాల్చాక గుర్తొచ్చిన అనుమానానికి దారి లేదు. పొద్దు వాలాక తీసుకెళ్తే చాలాసార్లు మర్నాటిదాకా ఆగాల్సి వస్తుంది, అందుకే తొందరపడాలి. పోలీసు కేసు అయ్యాక ఇంటివాళ్లు వద్దన్నా పోస్టుమార్టం ఆగదు, కాబట్టి అక్కడ కొట్లాడి ప్రయోజనం లేదు.

చాలామందికి భయం కోతంటేనే. ముఖం పాడు చేస్తారని, మనిషిని ముక్కలు చేసి ఇస్తారని అనుకుంటారు. ముఖాన్ని మామూలుగా ముట్టుకోరు. ఛాతీ నుంచి కిందికి కోస్తారు, తల వెనక జుట్టులో కోస్తారు, చూశాక కుట్టేసి బట్ట చుట్టి ఇస్తారు. అవసరమైతే లోపలి భాగాల్లోంచి కొంచెం సీసాల్లో పెట్టి ల్యాబుకు పంపుతారు, ఆ జవాబు రావడానికి చాలా రోజులు పడుతుంది. రిపోర్టు స్టేషన్‌కు వెళ్తుంది, ఇంటివాళ్లు అడిగి కాపీ తీసుకోవచ్చు. పెద్దమ్మ మాత్రం ఇదంతా ఒక్క మాటలో తేల్చేది. "కోసినోళ్లు మళ్ల కుట్టిస్తరు బిడ్డా. కాల్చినంక ఎవ్వలు కుట్టరు."

ప్రతిసారీ జవాబు దొరుకుతుందని కాదు. వెలిమెలలో ఒకామె భర్త పడుకున్నవాడు లేవకపోతే, పెద్దమ్మే వాళ్లను ఒప్పించి దవాఖానకు పంపింది. కారణం తేల్చలేకపోతున్నామని డాక్టరు చెప్పాడు, ల్యాబు నుంచి కూడా ఏమీ తేలలేదు. ఆ ఇంటివాళ్లు వచ్చి, "ఉత్తగనే కోయిస్తివి గదా ముసల్దానా" అని వాకిట్లో నిలబడి తిట్టిపోయారు. నాకే మండింది, "ఎందుకే నీకు గీ పంచాయితీలు? ఇంట్ల కూసోరాదూ?" అన్నాను. అప్పుడన్నది, "అడిగినంక తెల్వకపోవుడు వేరు బిడ్డా, అడగకుంట తెల్వకపోవుడు వేరు." ఆ తేడా నాకు అప్పుడు అర్థం కాలేదు, ఆమె పోయిన రోజు అర్థమైంది.

నేను పటేల్‌గూడ చేరేసరికి వాకిలి నిండా జనం. పెద్దమ్మ బాత్రూం ముందు, పడినచోటే ఉన్నది. ఎవరో మెడ దాకా చాప మాత్రం కప్పారు. నుదుటి మీద కమిలిన దెబ్బ, కనుబొమ్మ దాకా పాకి ఎండిన రక్తం. పెరట్లో మూడు రాళ్ల మీద పెద్ద గుండిగలో నీళ్లు కాగుతున్నాయి. ఆ పొయ్యికి, చాపకు మధ్య వదిన నిలబడి ఉన్నది. అన్న గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. మా మేనమామ, అంటే పెద్దమ్మ తమ్ముడు, "ఇగ కానియ్యుండ్రి" అని అందరినీ తొందర పెడుతున్నాడు.

గేటు దగ్గర చెప్పుకుంటున్న మాటలతోనే నాకు విషయం అర్థమైంది. ముందురోజు సాయంత్రం అత్తాకోడళ్లకు గట్టిగానే పోట్లాట అయింది. మళ్లీ ఆ యూనిఫాం గురించే. "వాసన చూసుడు బంద్ చెయ్యి, నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవ్" అని వదిన అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించిందట. ఇప్పుడు అత్త నుదుటికి దెబ్బతో చచ్చి పడి ఉన్నది. నేను చెప్పులు విప్పుతుంటే వెనక ఇద్దరు ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. "కోడలే నూకేసిందో ఏమో" అన్న ముక్క నా చెవిన పడింది. తిరిగి చూసేసరికి ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు అందుకున్నారు.

"అన్నా, పోలీసోళ్లకు ఫోన్ చెయ్యి" అన్నాను.

మామ నా మీదికి లేచాడు. "ఏందే, ముసల్ది కాలు జారి పడి సచ్చిపోయింది. దానికి టేషనెందుకు? ఇజ్జత్ తీస్తరా?"

అన్న తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మను కొయ్యనియ్య. ఊరందరి కోసం తిరిగింది, సాలదా? దాన్నన్న సక్కగ పోనియ్యుండ్రి."

అప్పుడు వదిన నోరు తెరిచింది. "ఇయ్యాల గీ నీళ్లు పోస్తే రేపటి సంది నేను ఖూనీదాన్నే."

"నిన్నెవడన్నడే?" అని అన్న అరిచాడు.

"ఎవ్వలు అనలేదు. గందుకే భయం. మొకం మీద అంటే జవాబన్న చెప్పుకుందు." పొయ్యి ముందు నుంచి కదలలేదు. "ఆమె నాకేం నేర్పకపోయినా గిది నేర్పింది. నన్ను తోసిందాన్ని చెయ్యకు. అడుగుదాం."

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నేనూ భయపడ్డాను. అడిగితే వచ్చే జవాబు ఏదో ఎవరికి తెలుసు? తోయకపోయినా, కాలు జారి తల పగిలి పోయిందని తేలితే? అప్పుడు తాను తోయలేదని వదిన ఎలా చెప్పుకుంటుంది? అది ఆమెకూ తెలుసు, తెలిసే అడుగుతున్నది. అన్న ఆమె ముఖం వంక చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. వదిన వెళ్లి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

ఎస్సై వచ్చాడు, పంచనామా రాశారు. వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్ పెద్దమ్మ చేతులు, మెడ, వీపు చూసింది. ముందురోజు పోట్లాట సంగతి వదిన తానే చెప్పి రాయించింది. మామ పళ్లు కొరుకుతూ పంచ్‌గా, అంటే సాక్షిగా, సంతకం పెట్టాడు. సర్కారు దవాఖానకు తీసుకెళ్లాక, పెద్దమ్మ ఎందరినో వెంటబెట్టుకుని కూర్చున్న ఆ వేపచెట్టు కిందే మేమూ కూర్చున్నాం. ఆమె ఉంటే ఎవరెవరి వీపులు నిమిరేదో గానీ, మేం ముగ్గురం ఒకరినొకరం తాకే ధైర్యం లేక దూరం దూరంగా కూర్చున్నాం. మామ అవతల గోడ దగ్గర నిలబడ్డాడు. వదిన చేతిగాజులు పైకీ కిందికీ జరుపుకుంటూనే ఉన్నది. ఎవరో చాయ్ తెచ్చిస్తే సాసర్ కోసం చూసి, కప్పు కింద పెట్టేసింది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచి మొదటిసారి.

లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి కొడుకెవరని అడిగింది. అన్న లేచి ఆమె ముందుకు వెళ్లాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది. "గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయింది. ఈమె గుండెపోటుతో పోయిందని నాకు కనిపిస్తున్నది. నుదుటి దెబ్బ పడినప్పుడు తగిలిందే, పై చర్మానికే తగిలింది. లోపల ఎముకకు గానీ మెదడుకు గానీ ఏమీ కాలేదు. ఎవరూ కొట్టిన గుర్తులు లేవు. రిపోర్టు స్టేషన్‌కు పంపుతాను, అక్కడ కాపీ అడగండి."

అన్న వెక్కివెక్కి ఏడ్చాడు. వదిన డాక్టరమ్మకు చేతులు జోడించి, "జెర మళ్ల ఒక్కసారి చెప్పుండ్రి మేడం, మామకు ఇనవడేటట్టు" అన్నది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. మామ నేల చూపులు చూశాడు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని నేను రాయలేను. ఇంటికి తెస్తుంటే గేటు దగ్గర ఒకామె, "డాక్టర్లు ఏం చెప్పుమంటే గది చెప్తరు" అన్నది. నేను ఊరుకోలేదు, అన్ని మర్యాదలూ మర్చిపోయి నిలదీశాను. అయినా అలాంటి నోళ్లు ఊళ్లో ఎన్ని ఉన్నాయో, ఎన్నింటిని మూయగలను? కాకపోతే ఇప్పుడు వదినకు చూపించడానికి ఒక జవాబు ఉన్నది. పెద్దమ్మకు జీవితమంతా అదే లేకపోయింది.

పొద్దున వెనక్కి లాగిన కట్టెలను వదినే మళ్లీ ఎగదోసింది. కుట్ల మీద నీళ్లు పోయవద్దని దవాఖానలో చెప్పి పంపారు, అందుకని తడిబట్టతో ముఖం తుడిచింది. పసుపు రాసింది. కాళ్ల మీద మాత్రం నీళ్లు పోసింది, ముందు మోచేత్తో వేడి చూసుకుని. నీళ్లు వాకిట్లోంచి పారి మోరీలోకి పోయాయి. పొద్దు గూకేలోపు దహనం అయిపోయింది.

దినాలు పూర్తయ్యాక అన్న డ్యూటీకి వెళ్లాడు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అతను వచ్చి యూనిఫాం విప్పి బకెట్ పక్కన పడేసి స్నానానికి వెళ్లాడు. వదిన సర్ఫ్ కలిపింది, చొక్కా చేతిలోకి తీసుకున్నది. నేను చూస్తున్నానని ఆమెకు తెలియదు. ఒక్క క్షణం ఆగి కాలర్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నది. తర్వాత చంకలు, జేబులు. ప్యాంటు అంచులు కూడా చూసి, అప్పుడు నీళ్లలో వేసింది.